పాక్ నీరు, మంచినీరు

సమస్త స్తోత్రాలూ మనలను పుట్టించి, పోషించి, వాన కురిపించి ఎండిన నేలకు ప్రాణం పోసే అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులందరిపై శాంతి శుభాలు వర్షించుగాక.

 

ఈ జుమా ప్రసంగాన్ని ఒక ఒప్పుకోలుతో ప్రారంభిస్తున్నాను. కొన్ని సంవత్సరాల క్రితం నేను మన ప్రాంతంలోనే మరొక ఊరి మస్జిద్‌లో ఇమామతు బాధ్యత నిర్వహిస్తూ ఉండేవాడిని. వానాకాలం వెళ్లిపోతున్న రోజులవి. అస్ర్ నమాజుకు వచ్చిన ఒక యువకుడు కుళాయి నీటిలో వాసన వస్తున్నదని చెప్పాడు. నిచ్చెన వేసుకుని మేడమీది ట్యాంకు చూశాం. దానికి మూత లేదు. ఏ గాలివానకో ఎగిరిపోయింది. ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు. నీటి మీద ఒక పావురం ఉబ్బిపోయి తేలుతున్నది.

క్షణాలలో జనం పోగయ్యారు. అందరిదీ ఒకటే ప్రశ్న: ఈ నీటితో వుజూ చేసి చదివిన నమాజుల సంగతి ఏమిటి? నేను కితాబు తెరిచాను. ప్రాణి ఎప్పుడు పడినదీ తెలియనప్పుడు, కళేబరం ఉబ్బి ఉంటే మూడు పగళ్లు, మూడు రాత్రుల నమాజులు తిరిగి చేయాలని ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) అభిప్రాయం. ఉబ్బకపోతే ఒక పగలు, ఒక రాత్రి. నేను మసలా వివరించాను. అందరూ తృప్తిగా తలలూపారు. ఎవరు ఏ నమాజు తిరిగి చేయాలో వేళ్ల మీద లెక్క వేసుకుంటున్నారు.

అప్పుడు మక్తబ్‌లో చదివే ఒక పిల్లవాడి దాదీ మస్జిద్ గుమ్మం దగ్గర నిలబడి నన్ను పిలిపించింది. "హజ్రత్! నమాజులు మళ్లీ చదువుకుంటారు, సరే. మా మనవడు కూడా ఆ నీళ్లే తాగాడు. రెండు రోజులుగా విరేచనాలు. వాడికి ఏం చేయాలో మీ కితాబులో ఉందా?" అని అడిగింది.

సోదరులారా, నా దగ్గర సమాధానం లేదు. మక్తబ్‌కు 30 మంది పిల్లలు వచ్చేవారు. వాళ్లందరూ ఆ కుళాయి కిందే దోసిలి పట్టి నీళ్లు తాగేవారు. మూడు రోజుల నమాజులను గురించి అంత సూక్ష్మంగా ఆలోచించిన నేను, ఆ మూడు రోజులూ ఆ నీటిని తాగిన పిల్లలను గురించి ఒక్క మాట ఆలోచించలేదు. వెళ్లి చూస్తే ఆ పిల్లవాడి కళ్లు లోపలికి పోయి ఉన్నాయి, నాలుక ఎండిపోయి ఉన్నది. నీళ్లు ఇస్తే విరేచనాలు ఎక్కువవుతాయని ఇంట్లో వాళ్లు నీళ్లు ఆపేశారు. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాం. సెలైను ఎక్కించారు. అల్లాహ్ దయవల్ల బ్రతికాడు.

మన ఫుఖహాలు నీటి విషయంలో అజాగ్రత్తగా ఉన్నవారు కారు. హనఫీ ఫిఖ్హ్ గ్రంథాలలో బావుల అధ్యాయం చదివినవారికి ఇది తెలుసు. బావిలో ఎలుకంత ప్రాణి పడి చనిపోతే 20 నుండి 30 బొక్కెనలు తోడి పారబోయాలి. పావురం, కోడి, పిల్లి అంత ప్రాణి అయితే 40 నుండి 60 బొక్కెనలు. మేకంత ప్రాణి అయినా, చిన్న ప్రాణి ఉబ్బి పగిలినా, బావిలోని నీరంతా తోడివేయాలి. చేతులతో తాడు లాగే ఆ కాలంలో నిండు బావిని ఖాళీ చేయడమంటే ఎంత శ్రమో ఊహించండి. మన పెద్దలు దాన్ని చేశారు. కుళాయి తిప్పితే ఖాళీ అయ్యే ట్యాంకును మనం సంవత్సరాల తరబడి కడగడం లేదు.

అయితే ఇక్కడ ఒక సూక్ష్మ విషయం ఉన్నది. దానిని నేను మదర్సాలో చదివే రోజులలో గ్రహించలేదు. నీరు పాక్ అవునా కాదా అని తేల్చడానికి ఫిఖ్హ్ మనకు ఇచ్చిన కొలతలు రంగు, రుచి, వాసన. పది మూరల పొడవు, పది మూరల వెడల్పు గల పెద్ద చెరువులోనో హౌజులోనో మలినం పడినా, ఈ మూడింటిలో ఏదీ మారకపోతే ఆ నీటితో వుజూ చెల్లుతుంది. ఇది ఆరాధన చెల్లుబాటుకు సంబంధించిన కొలత, అల్లాహ్ తన దాసులకు ప్రసాదించిన సౌలభ్యం. కాని కలరా క్రిమికి రంగు లేదు. టైఫాయిడ్ క్రిమికి వాసన లేదు. గాజు గ్లాసులో తళతళలాడే నీటిలో లక్షల క్రిములు ఉండవచ్చు. నాలుకకు తియ్యగానే ఉంటుంది. వుజూకు పాక్ అయిన నీరు ఆ కారణం చేతనే తాగడానికి మంచినీరు అయిపోదు. ఈ రెండు ప్రశ్నలూ వేరు. మొదటి ప్రశ్న ఆలిమ్‌ను అడగాలి, రెండవది నీటిని పరీక్షించేవారిని అడగాలి. నేను ఆ రోజు మొదటి ప్రశ్నకు సమాధానం చెప్పి, రెండవది కూడా తీరిపోయిందనుకున్నాను.

రెండవ ప్రశ్న అడగకపోతే ఏమవుతుందో మన విజయనగరం జిల్లాలోనే చూశాం. 2024 అక్టోబరులో గుర్లలో అతిసారం ప్రబలింది. రోజుల వ్యవధిలో వందలాదిమంది మంచాన పడ్డారు, పలువురు మరణించారు. పాఠశాల గదులలో సైతం రోగులను పడుకోబెట్టి చికిత్స చేయవలసి వచ్చింది. నీటి కాలుష్యమే అప్పుడు అందరి నోటా వినిపించిన మాట. చంపావతి నది పరిసరాలలో బహిరంగ మలవిసర్జన సంగతి కూడా పదే పదే చర్చకు వచ్చింది. గుర్ల మనకు దూరం కాదు. చీపురుపల్లి వైపు వెళ్లేటప్పుడు బస్సు కిటికీలోంచి చూసిన ఊరే.

నీటి వనరుల దగ్గర, జనం నడిచే దారిలో, జనం సేద తీరే నీడలో మలమూత్ర విసర్జన చేయడం శాపానికి గురిచేసే పని అని దైవప్రవక్త (స) హెచ్చరించారు. నిలిచి ఉన్న నీటిలో మూత్రం పోయరాదని వారించారు. ఈ హదీసులను మనం తహారత్ పాఠంలో పిల్లలకు వల్లె వేయిస్తాం. వాటి వెనుక ఒక దారి కనిపిస్తున్నది చూడండి. రోగి మలంలోని క్రిమి నేల మీద పడుతుంది. వాన దానిని కాలువలోకి తోస్తుంది. కాలువ పక్కనే మంచినీటి గొట్టం ఉంటుంది. మన పట్టణాలలో కుళాయి రోజంతా రాదు కదా. నీరు ఆగిపోయినప్పుడు గొట్టంలో ఒత్తిడి తగ్గి, పగులు ఉన్నచోట కాలువ నీటిని అది లోపలికి పీల్చుకుంటుంది. మరునాడు ఉదయం కుళాయి విప్పగానే ఆ మొదటి నీరు మన బిందెలోకి వస్తుంది. ఒకరి మలం మరొకరి నోటికి చేరే దారి ఇదే. చెప్పడానికి అసహ్యంగా ఉన్నది. మింబర్ మీద చెప్పవలసిన మాటేనా అని మీకు అనిపించవచ్చు. మలమూత్ర విసర్జన మర్యాదలు కూడా మీ ప్రవక్త నేర్పుతాడా అని ఒకరు సల్మాన్ ఫార్సీ (రజి)ని ఎగతాళిగా అడిగితే, అవును నేర్పారని ఆయన తల ఎత్తుకుని చెప్పారు. నాకు ఆ సంఘటన ధైర్యం.

ఇక "ఎవరి తఖ్దీర్ ఎలా ఉంటే అలా జరుగుతుంది" అనే మాట. ఈ మాటను నేను ఆసుపత్రి వరండాలలో, జనాజాల దగ్గర ఎన్నోసార్లు విన్నాను. దుఃఖంలో ఉన్న తల్లి అంటే అది సబ్ర్. ట్యాంకుకు మూత వేయించని ముతవల్లీ అంటే, లేదా నాలాంటి ఇమామ్ అంటే, అది సబ్ర్ కాదు. హజ్రత్ ఉమర్ (రజి) షామ్ దేశానికి ప్రయాణమై సర్గ్ అనే చోటికి చేరినప్పుడు అక్కడ మహమ్మారి వ్యాపించి ఉన్నదని కబురు వచ్చింది. ఆయన సహచరులను సంప్రదించి వెనుదిరగాలని నిశ్చయించారు. అల్లాహ్ విధి నుండి పారిపోతున్నారా అని అబూ ఉబైదా (రజి) ప్రశ్నించారు. అల్లాహ్ విధి నుండి అల్లాహ్ విధి వైపే వెళుతున్నామని ఉమర్ (రజి) బదులిచ్చారు. లోయకు ఒకవైపు పచ్చిక, మరొకవైపు బీడు ఉంటే, నీ ఒంటెలను ఎటు మేపినా అల్లాహ్ విధి ప్రకారమే మేపినట్టు కదా అని ఆయన ఉపమానం చెప్పారు. ఆ తరువాత అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, వ్యాధి ఉన్న ఊరికి వెళ్లవద్దని, తామున్న ఊరిలో వ్యాధి వస్తే పారిపోవద్దని తాను ప్రవక్త (స) నుండి విన్నట్టు తెలియజేశారు. ఉమర్ (రజి) అల్లాహ్‌ను స్తుతించి వెనుదిరిగారు. నీళ్లు కాచుకుని తాగడం కూడా తఖ్దీరే, సోదరులారా. పచ్చిక ఉన్న వైపు నడవడమే అది.

మన ఉద్దానం సంగతి కూడా ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, పలాస వైపు దశాబ్దాలుగా మూత్రపిండాల వ్యాధి ఇళ్లకు ఇళ్లను తినివేస్తున్నది. ఎందరో వైద్యులు పరిశోధించినా అసలు కారణం ఇదీ అని ఇంతవరకూ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం నుండి గొట్టాల ద్వారా నీరు తెచ్చే పథకం కూడా అప్పుడే మొదలైంది. కారణం తెలియని వ్యాధిలో మనిషి నిస్సహాయుడు, అతని ఉజ్ర్ అల్లాహ్ దగ్గర వేరు. అతిసారానికి కారణం తెలుసు, దారి తెలుసు, మందు తెలుసు. తెలిసినదాని గురించి మనలను అడగడం జరుగుతుంది.

మందు అన్నాను. ఆ మందు కథ చెప్పేముందు మా ఇంటి సంగతి ఒకటి. నాకు ఎనిమిదేళ్లప్పుడు నా చెల్లెలు విరేచనాలతో మరణించింది. దానికి రెండేళ్లు. నీళ్లు, నీళ్లు అని అడుగుతూ ఉండేది. పెద్దవాళ్లు ఇవ్వనివ్వలేదు. అమ్మీ రహస్యంగా తడిగుడ్డతో దాని పెదవులు తుడిచేది. వాళ్లకు ప్రేమ లేక కాదు. ఆ రోజులలో అందరూ నమ్మిన మాట అది.

అప్పటికి కొన్నేళ్ల ముందే, 1971లో, బంగ్లాదేశ్ యుద్ధం వేళ లక్షలాది శరణార్థులు పశ్చిమ బెంగాల్‌కు తరలివచ్చారు. సరిహద్దులోని బన్‌గావ్ శిబిరంలో కలరా వచ్చింది. సెలైను సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, చక్కెర, కొద్దిగా సోడా కలిపిన పొట్లాలు తయారు చేయించి, డ్రమ్ములలో నీళ్లు కలిపి, రోగుల తల్లులకు, అన్నదమ్ములకు ఇచ్చి తాగించమన్నారు. అలాంటి చోట 30 శాతం వరకు ఉండే మరణాలు ఆయన శిబిరంలో 4 శాతం లోపుకు దిగాయి. కారణం ఇది: జబ్బు చేసిన పేగు ఉప్పును ఒంటరిగా లోపలికి తీసుకోలేదు, చక్కెర తోడుంటే తీసుకుంటుంది, ఆ రెండింటి వెంట నీరు లోపలికి వెళుతుంది. ఆ వైద్యుడు 2022లో కోల్‌కతాలో కన్నుమూశారు. మన తూర్పు తీరంలోనే, రైలెక్కితే మరునాటికి చేరే దూరంలో దొరికిన ఆ జ్ఞానం మా ఇంటికి చేరడానికి ఆలస్యమైంది. మా మొహల్లాలో దానిని చెప్పవలసినవారు ఎవరు? ప్రతి శుక్రవారం జనం వచ్చి నిశ్శబ్దంగా కూర్చుని వినే చోటు మా ఊరిలో ఒక్కటే ఉండేది.

అందుచేత ఈ రోజు చెబుతున్నాను, ఇంటికి వెళ్లి తల్లులకు, చెల్లెళ్లకు చెప్పండి. విరేచనాలు మొదలైతే నీళ్లు ఆపకండి, పెంచండి. ఆశా కార్యకర్త దగ్గర, ఆరోగ్య కేంద్రంలో ఓఆర్‌ఎస్ పొట్లాలు ఉచితంగా ఇస్తారు. పెద్ద పొట్లానికి సరిగ్గా ఒక లీటరు కాచి చల్లార్చిన నీరు కలపాలి. కలిపినది ఒక రోజు దాటితే పారబోయాలి. పొట్లం దొరకకపోతే ఒక లీటరు నీటికి ఆరు చదును టీస్పూన్ల చక్కెర, అర చదును టీస్పూను ఉప్పు. ఉప్పు ఎక్కువైతే పసిపిల్లలకు ప్రమాదం. గుప్పెడు, చిటికెడు అని చేతి అందాజుతో వేయకండి. చెంచాతో కొంచెం కొంచెంగా తాగించండి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి. తల్లిపాలు ఆపకూడదు. ఉప్పు వేసిన గంజి, మజ్జిగ ఇవ్వవచ్చు. పిల్లలకు జింకు మాత్రలు 14 రోజులు వాడమని వైద్యులు చెబుతారు. విరేచనాలు తగ్గాయని మధ్యలో మానవద్దు. మలంలో రక్తం కనిపించినా, పిల్లవాడు తాగలేకపోయినా, మత్తుగా పడి ఉన్నా, మూత్రం రాకపోయినా ఇంట్లో చిట్కాలతో కాలం గడపకండి, 108కి ఫోను చేయండి. దమ్ చేయించుకోవడానికి నా దగ్గరికి కూడా రావచ్చు, కాదనను. కాని ఆసుపత్రికి వెళ్లే దారిలో రండి. తీవ్రమైన కలరాలో మనిషి గంటకు ఒక లీటరు నీటిని కోల్పోగలడు.

దుకాణంలో ఓఆర్‌ఎస్ అడిగి తెచ్చేటప్పుడు కూడా చూసి తీసుకోండి. ఆ పేరును అట్టపెట్టెల మీద వేసుకుని తియ్యటి పానీయాలు అమ్మేవారు. చక్కెర మితిమీరిన పానీయం విరేచనాలను ఇంకా పెంచుతుంది. హైదరాబాదుకు చెందిన శిశువైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీనిపై ఏళ్ల తరబడి పోరాడారు. చివరకు 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాలకు ఆ పేరు వాడరాదని ఆదేశించింది. తూకంలో మోసం చేసేవారిని గురించి దివ్య ఖుర్ఆన్ ఎంత కఠినంగా హెచ్చరించిందో మీకు తెలుసు. పేరులో మోసం అంతకన్నా తక్కువది అని నేను అనుకోను.

ఇళ్లలో జాగ్రత్తల సంగతికి వస్తే, కొత్తగా నేర్వవలసినవి తక్కువ. నిద్ర లేచినవాడు చేతులు కడుక్కోకుండా నీటి పాత్రలో చేయి ముంచరాదని ప్రవక్త (స) చెప్పారు. మన ఇళ్లలో బిందెలోకి గ్లాసుతో పాటు వేళ్లు కూడా మునుగుతాయి. పొడవైన కాడ ఉన్న గరిటె ఒకటి కొనండి. రాత్రివేళ పాత్రలకు మూతలు వేయాలని, తిత్తుల మూతులు కట్టాలని, ఏడాదిలో ఒక రాత్రి మహమ్మారి దిగి మూతలేని పాత్రలలో చేరుతుందని ప్రవక్త (స) హెచ్చరించారు. నీటిని మరిగించేటప్పుడు బుడగలు పొంగి కనీసం ఒక నిమిషం తెర్లాలి. ఆ తరువాత అదే పాత్రలో మూతపెట్టి చల్లార్చాలి. గుడ్డలో వడకడితే నలకలు పోతాయి, క్రిములు పోవు. వుజూలో చేతులు కడుగుతాం కనుక సబ్బు అక్కర లేదనుకోవడం పొరపాటు. చేతికి అంటిన జిడ్డును, దానిలోని క్రిమిని విడదీయడానికి సబ్బు కావాలి. మన మస్జిద్ మరుగుదొడ్ల దగ్గర లోటా ఉన్నది, సబ్బు లేదు. అత్తరు సీసాలు మాత్రం కిటికీలో అరడజను ఉన్నాయి.

వలీమా బిర్యానీ సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే మీరు నొచ్చుకుంటారు. మధ్యాహ్నం వండిన దేగ్‌ను రాత్రి వరకు అలాగే ఉంచి, మిగిలినది మర్నాడు బంధువుల ఇళ్లకు, మదర్సా పిల్లలకు పంపుతున్నాం. గోరువెచ్చని అన్నంలో కొన్ని క్రిములు వంట వేడికి చావకుండా మిగిలి, పెరిగి, విషం తయారు చేస్తాయి. ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. ఆహారం వృథా చేయరాదన్న ఆజ్ఞ నిజమే. అయితే పంచదలచినది వడ్డించిన గంటలోనే పంచండి. మన పిల్లలకు పెట్టడానికి సంకోచించేదాన్ని అనాథ పిల్లలకు పంపి సదఖా అనకండి.

ఓ అల్లాహ్! మా రోగులకు స్వస్థత ప్రసాదించు. గుర్లలో, ఉద్దానంలో ఆప్తులను కోల్పోయిన ప్రతి కుటుంబానికి, వారు ఏ మతం వారైనా, ఊరట కలిగించు. మా నిర్లక్ష్యం వల్ల ఎవరికైనా కీడు జరిగి ఉంటే మమ్మల్ని క్షమించు, దిద్దుకునే శక్తినివ్వు. ఆమీన్.

నమాజు తరువాత ఎవరూ వెంటనే వెళ్లిపోవద్దని మనవి. మన మస్జిద్ ట్యాంకు 1000 లీటర్లది. ఈ రోజు దానిని ఖాళీ చేసి, పాచి రుద్ది, కడిగి నింపుతాం. మంచి బ్లీచింగ్ పౌడరు 2.5 గ్రాములు బకెట్టు నీటిలో కలిపి, తేరిన నీటిని మాత్రం ట్యాంకులో పోసి, ఒక గంట ఆగాలి. అంతవరకు కుళాయిలు విప్పవద్దు. కొత్త మూత, దానిని బిగించే తీగ తెప్పించాం. ఇకపై ప్రతి నెల మొదటి శుక్రవారం ట్యాంకు కడిగే బాధ్యత తీసుకునేవారి పేర్లు వుజూఖానా గోడ మీద రాస్తాం. మొదటి పేరు నాది రాసుకోండి. నిచ్చెన గోడకు ఆనించే ఉన్నది.